వేడెక్కే భూమితో మేలు కూడా ఉందా? వరి మడి వైపు నుంచి ఒక జవాబు

ప్రశ్న: "వ్యవసాయ కళాశాలలో మూడో సంవత్సరం చదువుతున్నాను. వక్తృత్వ పోటీలో 'భూమి వేడెక్కడం వల్ల మేలు కూడా ఉంది' అనే పక్షం నాకు పడింది. నాలుగు వాదనలు దొరికాయి. బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) పంటకు ఎరువు, భూమి పచ్చబడుతోంది, చలి మరణాలు తగ్గుతాయి, చల్లని దేశాల్లో కొత్త సాగుభూమి వస్తుంది. వీటిలో దేన్ని నమ్మి మాట్లాడొచ్చు? ఇంకో సంగతి: మాకు తణుకు దగ్గర దాళ్వా (రబీ) వరి ఉంది. ఈమధ్య తాలు (గింజ పట్టని పొట్టు) ఎక్కువైందని నాన్న అంటున్నారు. దానికీ దీనికీ సంబంధం ఉందా?"

అమ్మా, నీకు పడింది ఓడిపోయే పక్షమేమీ కాదు. నాలుగు వాదనల్లోనూ నిజం ఉంది. అయితే ఏదీ చివరిదాకా రాదు. ఎక్కడిదాకా వస్తుందో, ఎక్కడ ఆగుతుందో తెలుసుకుని మాట్లాడితే ఎదుటి పక్షం వాళ్లు నిన్ను కదిలించలేరు. నేను ఉద్యోగకాలమంతా డెల్టాలో వరి మొక్క శరీరధర్మం మీద పనిచేసినవాణ్ణి, కాబట్టి పంట గురించి ఎక్కువ చెబుతాను, మిగతావాటిని త్వరగా దాటేస్తాను.

ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకో, మిగతాదంతా దాని మీదే నడుస్తుంది. ఈ లాభాల్లో చాలా భాగం మొదట్లో బాగా వచ్చి, పోనుపోను తగ్గిపోయే రకం. నష్టాలు అలా కాదు. మొదట కంటికి ఆనవు, ఒక గీత దాటాక ఒక్కసారిగా లేస్తాయి. అందుకే ఇద్దరు మనుషులు ఒకే లెక్కలు చూసి ఒకరు లాభమనీ ఒకరు నష్టమనీ పోట్లాడుకోగలుగుతున్నారు. ఒకరు గీతకు ఇవతల నిలబడి చూస్తున్నారు, ఇంకొకరు అవతల నిలబడి చూస్తున్నారు.

నీ పక్షానికి పెద్ద పూర్వీకులే ఉన్నారు, ఆ సంగతితో మొదలుపెట్టు. గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగితే భూమి ఎంత వేడెక్కుతుందో మొదటిసారి లెక్క కట్టింది స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే అరీనియస్, 1896లో. ఆ వాయువు రెట్టింపైతే 5 నుంచి 6 డిగ్రీలు పెరుగుతుందని ఆయన లెక్క. దానికి ఆయన భయపడలేదు. చలిదేశాల వాళ్లకు మంచి రోజులొస్తాయని, పంటలు ఎక్కువ పండుతాయని ఆశపడ్డాడు. 1938లో గై కాలెండర్ అనే బ్రిటిష్ ఇంజనీరు వాతావరణ కేంద్రాల పాత రికార్డులన్నీ పోగేసి, భూమి అప్పటికే వేడెక్కుతోందని చూపించాడు. ఆయన కూడా ఇది మేలే అన్నాడు. ఉత్తర దేశాల్లో సేద్యం విస్తరిస్తుంది, మంచుయుగం మళ్లీ రాకుండా ఆగుతుంది అని. ఇద్దరూ తెలివైనవాళ్లు, నిజాయతీపరులు. ఇద్దరూ చలిదేశాల వాళ్లు కూడా. ఈ చివరి మాటను నువ్వు చెప్పకపోతే అవతలివాళ్లు చెబుతారు, కాబట్టి నువ్వే చెప్పెయ్.

ఇక మొదటి వాదన, బొగ్గుపులుసు వాయువు ఎరువులా పనిచేస్తుందనేది. ఇది నీకున్న గట్టి ఆయుధం. పారిశ్రామిక విప్లవానికి ముందు గాలిలో అది 280 పీపీఎం (పది లక్షల భాగాల్లో 280) ఉండేది, ఇప్పుడు 420 దాటింది. నువ్వు పాఠంలో చదివే ఉంటావు: వరి, గోధుమ, వేరుశనగ, కంది, పత్తి, మిరప సీ3 మొక్కలు. వీటిలో గాలిలోని కర్బనాన్ని పట్టే రూబిస్కో అనే ఎంజైము తరచూ పొరపాటున ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది, అలా కొంత శ్రమ వృథా అవుతుంది. బొగ్గుపులుసు వాయువు పెరిగితే ఆ పొరపాట్లు తగ్గి కిరణజన్య సంయోగక్రియ పెరుగుతుంది. మొక్కజొన్న, జొన్న, సజ్జ, చెరకు సీ4 మొక్కలు. అవి ఆ సమస్యను తమ ఆకు నిర్మాణంలోనే పరిష్కరించుకున్నాయి, కాబట్టి వాటికి అదనంగా దక్కేది దాదాపు ఏమీ ఉండదు, బెట్టలో కొంత నీరు ఆదా కావడం తప్ప.

ఎంత లాభం? గాజు గదుల్లో చేసిన పాత ప్రయోగాలు చాలా పెద్ద అంకెలు చూపించేవి. తర్వాత జపాన్‌లో, చైనాలో ఆరుబయట మామూలు వరి మడిలోనే చుట్టూ గొట్టాలు అమర్చి, వాయువు వదిలి, పంటకాలమంతా కొలిచారు. గాలిలో ఉన్నదానికి మరో 200 పీపీఎం కలిపితే వరి దిగుబడి 12 నుంచి 15 శాతం పెరిగింది. గాజు గదుల అంకెలతో పోలిస్తే ఇది సగమే, అయినా చిన్న విషయం కాదు. కొత్త వంగడంతో 12 శాతం దిగుబడి పెంచానని ఎవరైనా వస్తే మేం చప్పట్లు కొట్టేవాళ్లం.

ఈ లాభానికి మూడు షరతులున్నాయి. ఒకటి నత్రజని. మొక్కకు కర్బనం ఎక్కువ దొరికినా, దానికి తగ్గ నత్రజని లేకపోతే పెరుగుదల ఆగిపోతుంది. తక్కువ ఎరువు వేసిన మడుల్లో ఆ 12, 15 శాతం బాగా పడిపోయింది. అంటే యూరియా కొనగలిగిన రైతుకే ఈ గాలి ఎరువు పూర్తిగా అందుతుంది. రెండోది, లాభం పెరిగేకొద్దీ నెమ్మదిస్తుంది. 280 నుంచి 400కి వెళ్లినప్పుడు వచ్చినంత లాభం 600 నుంచి 720కి వెళ్తే రాదు.

మూడోది పోషకాలు. 2014లో పలు దేశాల ప్రయోగాలను కలిపి చూసిన ఒక అధ్యయనంలో, 550 పీపీఎం దగ్గర పండిన వరి గింజల్లో మాంసకృత్తులు సుమారు 8 శాతం, ఇనుము 5 శాతం, జింకు 3 శాతం తగ్గాయి. గోధుమలో జింకు తగ్గుదల 9 శాతం. గింజలో పిండి పెరిగినంత వేగంగా ఖనిజాలు పెరగవు. మాంసం, పాలు, పప్పు తినగలిగే ఇంట్లో ఇది లెక్కలోకి రాదు. మూడు పూటలా అన్నమే ప్రధానమైన ఇంట్లో, ముఖ్యంగా రక్తహీనతతో ఉన్న ఆడపిల్లలున్న ఇంట్లో, ఈ 5 శాతం లెక్కలోకి వస్తుంది. దీనికి విరుగుడు కూడా ఉంది: జింకు ఎక్కువగా ఉండే డీఆర్ఆర్ ధాన్ 45 లాంటి రకాలను హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ ఇప్పటికే ఇచ్చింది. మిల్లులో తెల్లగా పాలిష్ పట్టి పోగొట్టకుండా తింటే దాని మేలు కొంతైనా మనకు చేరుతుంది.

ఇప్పటిదాకా చెప్పిందంతా ఒక్క వాయువు గురించే. అసలు చిక్కు ఏమిటంటే, పొలంలో వాయువు ఒంటరిగా రాదు, వేడిని వెంటబెట్టుకుని వస్తుంది. ప్రయోగంలో మేం ఒకదాన్ని మార్చి మిగతావి అలాగే ఉంచుతాం. ప్రకృతి అలా ఉంచదు.

వరి మొక్క చాలా దశల్లో వేడికి ఓర్చుకుంటుంది. పిలకలు వేసే దశలో 38 డిగ్రీలు వచ్చినా ఆకు కాస్త వాడుతుంది, మళ్లీ తేరుకుంటుంది. పూత దశ మాత్రం వేరు. వరి పువ్వు ఉదయం తొమ్మిది, పన్నెండు గంటల మధ్య విచ్చుకుంటుంది. ఒక్కో పువ్వు తెరుచుకుని ఉండేది గంటా గంటన్నర మాత్రమే. పుప్పొడి తిత్తి పగలడం, పుప్పొడి రాలడం, కీలాగ్రం మీద మొలకెత్తడం అన్నీ ఆ కాస్త సమయంలోనే జరిగిపోవాలి. ఆ గంటలో కంకి దగ్గర వేడి 35 డిగ్రీలు దాటితే తిత్తులు సరిగా పగలవు, పుప్పొడి ఎండిపోతుంది. ఆ పువ్వుకు రెండో అవకాశం లేదు. గింజ పట్టదు, తాలుగా మిగిలిపోతుంది. ముందున్న మూడు నెలలూ చేను ఎంత పచ్చగా ఉన్నా, గాలిలో ఎంత వాయువు ఉన్నా, ఆ గంట చేసిన నష్టాన్ని పూడ్చలేవు.

ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది, నువ్వు వ్యవసాయ విద్యార్థివి కాబట్టి బాగా గుర్తుపెట్టుకో. బొగ్గుపులుసు వాయువు పెరిగితే ఆకు పత్రరంధ్రాలను కొంత మూసుకుంటుంది. దీన్నే నీటి ఆదా అంటారు, రాయలసీమ మెట్ట చేలకు ఇది నిజంగా మేలే. వరి మడిలో మాత్రం ఇదే ఎదురు తిరుగుతుంది. ఆకు నుంచి నీరు ఆవిరవడం వల్లే చేను చల్లబడుతుంది. రంధ్రాలు మూసుకుంటే చెమట పట్టని మనిషిలా చేను లోపల్లోపల వేడెక్కుతుంది. గాలిలో 34 డిగ్రీలున్న రోజున కంకి దగ్గర అంతకంటే ఎక్కువ ఉండొచ్చు. అంటే లాభం ఇచ్చే వాయువే పూత దశలో వేడి గీతను మరింత దగ్గరకు తెస్తోంది. నీటి ఆదాకు కూడా హద్దుంది. డిగ్రీ వేడి పెరిగితే గాలి పట్టుకోగల తేమ సుమారు 7 శాతం పెరుగుతుంది. ఆ దాహం తీర్చుకోవడానికి గాలి నేల నుంచీ ఆకు నుంచీ ఎక్కువ నీరు లాగుతుంది.

పగటి వేడి కంటే రాత్రి వేడే నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. మొక్క పగలు సంపాదించినదాన్ని రాత్రి శ్వాసక్రియకు ఖర్చు పెడుతుంది. రాత్రి వెచ్చబడితే ఆ ఖర్చు పెరుగుతుంది. గింజ గట్టిపడే రోజులు తగ్గి, గింజ బరువు పడిపోతుంది, తెల్లమచ్చ వచ్చి మిల్లులో నూకవుతుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ తన సొంత పొలాల రికార్డులతో 2004లో ఒక పరిశీలన వెలువరించింది. ఎండాకాలపు పంటలో రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగినప్పుడు దిగుబడి 10 శాతం తగ్గిందని. ఆ పదిలో ఎండ తీవ్రత వాటా ఎంత అని తర్వాత వాదనలు నడిచాయి, నడవాలి కూడా. రాత్రి వేడి వరికి చేటు అన్న విషయంలో మాత్రం పొలంలో పనిచేసే వాళ్లెవరికీ అనుమానం లేదు. పైన చెప్పిన 12, 15 శాతం లాభం పక్కన ఈ అంకెను పెట్టి చూడు. లాభం రావడానికి 200 పీపీఎం పెరగాలి. అది పెరిగేలోపు రాత్రులు ఒక్క డిగ్రీ దగ్గర ఆగవు.

గోధుమ విషయంలో దేశమంతా 2022లో చూసింది. ఆ మార్చి నెల 1901 నుంచి ఉన్న రికార్డులన్నిటిలోకీ దేశానికి అత్యంత వేడి మార్చి. గోధుమ గింజ పాలు పోసుకునే సమయంలో పంజాబ్, హర్యానాల్లో వడగాలి వీచింది. గింజ బక్కచిక్కింది. మే 13న కేంద్రం గోధుమ ఎగుమతులు నిలిపేసింది. అప్పుడు గాలిలో ఉన్నది కూడా అప్పటిదాకా మనిషి చరిత్రలో అత్యధిక 'ఎరువే'.

భూమి పచ్చబడిందన్న వాదన నిజమే, ఉపగ్రహాలు కొలిచాయి. 2016లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం పచ్చదనం ఉన్న నేలలో పావు వంతు నుంచి సగం దాకా ఆకు విస్తీర్ణం పెరిగిందనీ, అందులో 70 శాతానికి బొగ్గుపులుసు వాయువే కారణమనీ లెక్క వేసింది. నీ పక్షం వాళ్లు దీన్ని ఎప్పుడూ వాడతారు. 2019లో నాసా ఉపగ్రహాల సమాచారంతో ఇంకో అధ్యయనం వచ్చింది. ప్రపంచంలో పెరిగిన పచ్చదనంలో మూడో వంతు చైనా, భారతదేశాలదేనని తేల్చింది. చైనాలో దానికి అడవుల పెంపకం పెద్ద కారణం. మన దగ్గర 82 శాతం పంట భూములది. అంటే బోర్లు, కాలువలు, ఎరువులు, ఏడాదికి రెండు మూడు పంటలు. ఆ పచ్చదనంలో చాలా భాగాన్ని పాతాళం నుంచి తోడిపోశాం. అనంతపురంలోనో మహబూబ్‌నగర్‌లోనో బోరు మీద బోరు వేసి అప్పులపాలైన రైతును అడిగితే ఆ పచ్చదనం ఖరీదు చెబుతాడు. కాబట్టి ఈ వాదనను ప్రపంచానికి వాడు, మన దేశానికి వాడకు. ఆకు వేరు, గింజ వేరు అన్న సంగతి కూడా మరిచిపోకు.

చలి మరణాల లెక్క చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. 2021లో ఒక ప్రముఖ వైద్య పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం, 2000 నుంచి 2019 వరకు ప్రపంచంలో ఏటా సుమారు 50 లక్షల మరణాలకు ప్రతికూల ఉష్ణోగ్రతలతో సంబంధం ఉంది. మొత్తం మరణాల్లో చలికి సంబంధించినవి 8.5 శాతం, వేడికి సంబంధించినవి 0.9 శాతం. తొమ్మిదింతల తేడా. ఆ కాలంలో చలి మరణాల వాటా కొంత తగ్గింది, వేడి మరణాల వాటా పెరిగింది. తగ్గిందే ఎక్కువ. దీన్ని ధైర్యంగా చెప్పు, ఎవరూ కాదనలేరు.

కానీ దాని అర్థం తెలిసి చెప్పు. చలి మరణమంటే మంచులో గడ్డకట్టి పోవడం కాదు. ఓ మోస్తరు చలిలో గుండె, ఊపిరితిత్తుల జబ్బులు ముదిరి పోవడం అందులో పెద్ద భాగం. సరైన ఇల్లు, కప్పుకోవడానికి దుప్పటి, వేళకు వైద్యం లేకపోవడం కూడా అందులో కలిసి ఉంటాయి. డిగ్రీ పెరిగినంత మాత్రాన అవన్నీ ఆగిపోవు. వేడి వైపు ఆ గ్రాఫు చాలా నిటారుగా ఉంటుంది. 41 డిగ్రీలకు మామూలుగా ఉన్న ఆసుపత్రి 45 దగ్గర నిండిపోతుంది. 2010 మే నెలలో అహ్మదాబాద్‌లో మామూలు కంటే 1,344 మరణాలు ఎక్కువ జరిగాయి. 2015 మేలో వడగాలులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోతే, వారిలో అత్యధికులు మన ఆంధ్ర, తెలంగాణల వాళ్లే. కూలికి వెళ్లినవాళ్లు, పెద్దవయసువాళ్లు, నీడ లేనివాళ్లు. నమోదైనవి వడదెబ్బ అని రాసినవే. గుండెపోటు అని రాసినవి ఆ లెక్కలోకి రావు.

కోస్తాలో ఇంకో బాధ, ఉక్కపోత. రెంటచింతలలో 46 డిగ్రీల పొడి వేడికి నీళ్లు తాగుతూ నీడన కూర్చుంటే చెమట ఆరి ఒళ్లు చల్లబడుతుంది. మచిలీపట్నంలో 38 డిగ్రీలే అయినా చెమట ఆరదు. తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు 35 డిగ్రీలు చూపిస్తే ఎంత ఆరోగ్యవంతుడైనా కొన్ని గంటలకు మించి తట్టుకోలేడని సిద్ధాంతం. అమెరికాలో ఆరోగ్యవంతులైన యువకుల మీద 2022లో చేసిన ప్రయోగాల్లో ఆ హద్దు ఇంకా కింద, సుమారు 31 దగ్గరే కనిపించింది. నాట్లు వేసే ఆడవాళ్లు యంత్రాలు కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో వేసిన అంచనా ప్రకారం, 2030 నాటికి వేడి వల్ల భారతదేశం 5.8 శాతం పనిగంటలు కోల్పోతుంది. 3 కోట్ల 40 లక్షల పూర్తికాలపు ఉద్యోగాలతో సమానం. నీ చర్చలో చలి మరణాల అంకె ఎవరి మేలు చెబుతోందో, ఈ అంకె ఎవరి నష్టం చెబుతోందో చూడు. వాళ్లు వేరు, వీళ్లు వేరు.

చల్లని దేశాల్లో కొత్త సాగుభూమి సంగతి కొస్తే, కొందరికి మేలు జరిగింది, జరుగుతోంది. దక్షిణ ఇంగ్లండులో ఇప్పుడు మంచి ద్రాక్ష పండుతోంది. షాంపేన్ తయారుచేసే ఒక పెద్ద ఫ్రెంచి సంస్థ 2017లో కెంట్ ప్రాంతంలో తోట వేసింది కూడా. దగ్గర ఉదాహరణ కావాలంటే హిమాచల్ చూడు. ఆపిల్ చెట్టుకు శీతాకాలంలో వెయ్యి గంటలకు పైగా చలి కావాలి. కులూ లోయ దిగువ తోటల్లో అది చాలక రైతులు దానిమ్మకు మారుతుంటే, ఒకప్పుడు విపరీతమైన చలి ఉండే కిన్నౌర్, లాహౌల్–స్పితిల్లో కొత్త ఆపిల్ తోటలు వచ్చాయి. లాహౌల్ రైతు దగ్గరకెళ్లి ఇది నష్టమని చెబితే అతను ఒప్పుకోడు, ఒప్పుకోనక్కర్లేదు.

రష్యా, కెనడా గురించి మాత్రం జాగ్రత్తగా మాట్లాడు. మ్యాపులో గోధుమను ఉత్తరానికి జరపడం సులభం. కెనడా ఉత్తరాన చాలా చోట్ల హిమానీనదాలు గీకేసిన రాయి మీద పలుచటి మట్టి మాత్రమే ఉంది, వేడి వచ్చినంత తేలిగ్గా అక్కడికి నల్లరేగడి రాదు. రష్యా సగానికి పైగా ఎప్పుడూ గడ్డకట్టి ఉండే నేల మీద ఉంది, అది కరిగితే పునాదులు కుంగుతాయి. 2020 మేలో నోరిల్స్క్ దగ్గర ట్యాంకు కూలి 20 వేల టన్నుల డీజిల్ నదిలోకి పోయింది. కరుగుతున్న నేల దానికి ఒక కారణమని ఆ ట్యాంకు సొంతదారు సంస్థే చెప్పింది. 2010లో ఇదే రష్యా వేడిగాలులకు పంట ఎండి గోధుమ ఎగుమతులు ఆపేసింది. 2023లో కెనడాలో సుమారు కోటిన్నర హెక్టార్ల అడవి కాలింది. లాభపడతారని అందరూ చెప్పే దేశాల సంగతే ఇది.

నీ పక్షానికి నేనైతే ఇంకో వాదన ఇస్తాను, నీ జాబితాలో లేనిది, నాకు ఎంతో ఇష్టమైనది. అది శనగ కథ. శనగ చలి పంట, ఉత్తరాది పంట. మన దగ్గర శీతాకాలం చిన్నది, కాబట్టి అది ఇక్కడ పండదని అనుకునేవాళ్లు. హైదరాబాద్ దగ్గరున్న ఇక్రిశాట్ (అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ), వ్యవసాయ విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు తొందరగా కోతకొచ్చే రకాల మీద పనిచేశారు. 1999లో వచ్చిన జేజీ 11 లాంటి రకాలతో కర్నూలు, ప్రకాశం నల్లరేగళ్లలో శనగ విస్తీర్ణం అనేక రెట్లు పెరిగింది. ఎకరా దిగుబడి కూడా దేశ సగటును దాటింది. వేడి ప్రాంతంలో చలిపంటను నిలబెట్టిన పని అది. 'మనిషి, మొక్క కలిసి సర్దుకోగలరు' అని చెప్పడానికి ఇంతకంటే గొప్ప ఉదాహరణ నాకు తెలియదు. వరిలోనూ ఇలాంటి పని నడుస్తోంది. నగీనా 22 అనే మన పాత రకం పూతలో వేడిని బాగా తట్టుకుంటుంది. ఒక అడవి వరి జాతి నుంచి పొద్దున్నే త్వరగా పువ్వు విచ్చుకునే లక్షణాన్ని తీసుకుని కొత్త వంగడాల్లోకి తెచ్చారు, ఎండ ముదిరేలోపే పుప్పొడి పని పూర్తవుతుంది. ఇవన్నీ చెప్పు. సర్దుకోవడం ఉచితం కాదని, ఒక వంగడానికి పదేళ్లు పడుతుందని, వేడి ఆగకపోతే ఆ వంగడం కూడా పాతబడుతుందని ఎదుటివాళ్లు అంటారు. అది కూడా న్యాయమైన మాటే.

'భూమి ఇంతకుముందు కూడా వేడెక్కింది కదా' అనే మాట మాత్రం వేదిక మీద అనకు. గత మంచుయుగం ముగిసినప్పుడు 5, 6 డిగ్రీలు పెరగడానికి వేల ఏళ్లు పట్టింది. ఇప్పుడు పదేళ్లకు 0.2 డిగ్రీలు పెరుగుతోంది. పైగా అప్పుడు గోదావరి డెల్టాలో ఊళ్లు లేవు. సముద్రమట్టం 1901 నుంచి 2018 వరకు 20 సెంటీమీటర్లు పెరిగింది, ఆ వేగం ఇటీవల ఏడాదికి 3.7 మిల్లీమీటర్లకు చేరింది. మన డెల్టాలకు పైనుంచి వచ్చే ఒండ్రు ఆనకట్టల వెనకే ఆగిపోవడంతో నేల కూడా కుంగుతోంది. ఉప్పాడ తీరం కోతకు సముద్రమట్టం ఒక్కటే కారణం కాదు, కోనసీమ బోర్లలో ఉప్పు తగలడానికి రొయ్యల చెరువుల పాత్ర కూడా ఉంది. అన్నిటినీ వాతావరణం మీదకు తోసేసినా తప్పే.

భారతదేశం ప్రపంచ సగటు కంటే తక్కువ వేడెక్కిందని కూడా ఎవరో ఒకరు అంటారు. నిజమే, 1901–2018 మధ్య సుమారు 0.7 డిగ్రీలు. గాలిలోని పొగ, దుమ్ము ఎండను కొంత అడ్డుకోవడం, సాగునీరు ఆవిరై నేలను చల్లబరచడం దానికి కారణాల్లో ముఖ్యమైనవి. గాలి శుభ్రపడాలని అందరం కోరుకుంటున్నాం. శుభ్రపడిన రోజున దాచిపెట్టిన వేడి బయటికొస్తుంది. అది నీ పక్షానికి కలిసొచ్చే సంగతి కాదు.

దేశాల ఆదాయాలను, ఉష్ణోగ్రతలను కలిపి చూసిన 2015 నాటి ఒక అధ్యయనం, సగటు వార్షిక ఉష్ణోగ్రత 13 డిగ్రీల దగ్గర ఆర్థిక ఉత్పాదకత శిఖరానికి చేరుతుందని, అటూ ఇటూ తగ్గుతుందని చెప్పింది. ఆ పద్ధతి మీద ఆర్థికవేత్తల్లో వివాదం ఉంది, కచ్చితమైన అంకెను పట్టుకుని ఊగక్కర్లేదు. ఆకారం మాత్రం నేను మడిలో చూసినదానికి సరిపోతుంది. స్వీడన్, కెనడా ఆ శిఖరానికి ఇవతల ఉన్నాయి, డిగ్రీ పెరిగితే పైకెక్కుతాయి. మన కోస్తాలో సగటు 27, 28 డిగ్రీలు. మనం ఎప్పుడో అవతలి వాలులో దిగుతున్నాం. నీ ఉపన్యాసానికి నేను సూచించే దారి ఇది: మేలు ఉంది, అది ఫలానా చోట, ఫలానా వాళ్లకు, ఫలానా హద్దు దాకా అని చెప్పు. 'మొత్తం మీద లాభమే' అనకు. ఎందుకంటే లాహౌల్ రైతుకు వచ్చిన ఆదాయం తణుకు రైతు తాలును పూడ్చదు, ఆ రెండింటినీ కలిపి కూడితే వచ్చే అంకెకు ఏ ఇంట్లోనూ అర్థం లేదు.

ఇక నాన్నగారి దాళ్వా. తాలు ఎక్కువైందంటే వెంటనే వేడి అనుకోవద్దు. వెన్ను మొత్తం తెల్లబడి, లాగితే చేతిలోకి ఊడి వస్తే అది కాండం తొలుచు పురుగు. గింజల మీద గోధుమరంగు మచ్చలుండి, కంకి మెలితిరిగితే కంకినల్లిని అనుమానించాలి, భూతద్దంతో చూస్తే ఆకు తొడిమ లోపల కనిపిస్తుంది. చేను పైకి ఆరోగ్యంగానే ఉండి, కంకిలో అక్కడక్కడ గింజలు పట్టకుండా, ఒకే మడిలో ముందు ఈనిన దుబ్బుల్లో తక్కువగా, ఆలస్యంగా ఈనిన దుబ్బుల్లో ఎక్కువగా తాలు ఉంటే అప్పుడు వేడి మీద అనుమానం బలపడుతుంది.

వేడే అయితే ముందు మార్చాల్సింది తేదీ. పూత మార్చి మధ్యలోపు అయిపోవాలి. సార్వా (ఖరీఫ్) కోత ఆలస్యమై, నారు ఆలస్యమై, నాట్లు జనవరి ఆఖరుకు జరిగితే పూత నేరుగా ఎండలోకి వెళ్తుంది. తక్కువ రోజుల రకాలు, ఎంటీయూ 1010, ఎంటీయూ 1121 లాంటివి, వేయండి. దమ్ము చేసిన మడిలో డ్రమ్ సీడర్‌తో నేరుగా విత్తితే వారం, పది రోజులు కలిసొస్తాయి. పూత సమయంలో మడి ఆరనివ్వకండి, రెండంగుళాల నీరు నిలిస్తే చేను లోపలి వేడి తగ్గుతుంది. కాలువ వంతు ఆ వారంలో తప్పిపోతుందనుకుంటే ముందే నీరు పెట్టుకోండి. పూత మీదున్నప్పుడు పొద్దున పూట మందు కొట్టవద్దు, మధ్యాహ్నం మూడు దాటాక కొట్టండి. ఈనిక దశ తర్వాత యూరియా వేయకండి.

ఈ దాళ్వాలో నువ్వే ఒక పని చెయ్. మూడు మడుల్లో ఒక్కోదాని నుంచి పది కంకులు తీసి, నిండు గింజలు, తాలు గింజలు విడిగా లెక్కపెట్టు. ఈనిన తేదీ, రకం పేరు, ఆ వారంలో దగ్గరి వాతావరణ కేంద్రం నమోదు చేసిన పగటి, రాత్రి ఉష్ణోగ్రతలు పక్కన రాయి. నూటికి పది, పదిహేను తాలు మామూలే. అంతకు మించితే ఆ పట్టిక, కంకుల ఫొటోలు ఇక్కడే పెట్టు, చూసి చెబుతాను.